ఐసిస్ అను పేరు

ఒక పేరున కర్థమేమని తెలిసికొనగోరుట మనకందఱకును సహజము. కాని ఆ యర్థమును ఎవరి నడుగవలయును? పేరు పెట్టినవారినా, విన్నవారినా? ఐసిస్ అను స్త్రీనామముయొక్క చరిత్రము ఈ ప్రశ్నకు మంచి సమాధానము చెప్పుచున్నది.

ఐసిస్ ప్రాచీన ఐగుప్తీయుల దేవత. ఓసిరిస్‌కు భార్య, హోరస్‌కు తల్లి. సెత్ అనువాడు తన యన్నయగు ఓసిరిస్‌ను చంపగా, ఆమె భర్తృదేహమును వెదకి కనుగొని, పసివాడగు హోరస్‌ను రెల్లుపొదలలో దాచి పెంచెనని వారి పురాణకథ.

ఐసిస్ అనునది గ్రీకులు పలికిన రూపము. ఐగుప్తీయుల వ్రాతలో హల్లులే కాని అచ్చులు కానరావు. పండితులు వారి రూపమును అసెత్ అని చదువుచున్నారు. ఆ పేరు వ్రాయుటకు వారు సింహాసనపు బొమ్మను గీచెడివారు. దేవత చిత్రములలో ఆ సింహాసనమే ఆమె శిరస్సుపై తఱచుగా నుండును. కావున ఆ నామమునకు సింహాసనమే మూలార్థమని పలువురు పండితులు తలంచిరి, ఇతరాభిప్రాయములును లేకపోలేదు. ఐగుప్తురాజు హోరస్‌కు ప్రతిరూపమని వారి నమ్మకము. అట్టి రాజునకు ఆసనమును తల్లియు ఒకటియే యనుట ఎంత గంభీరమైన భావము!

క్రీస్తుశకారంభకాలపు గ్రీకు రచయితయగు ప్లూటార్కు ఈ దేవతనుగూర్చి గ్రంథము వ్రాసి, ఆమె పేరు జ్ఞానార్థకమగు గ్రీకు శబ్దమునుండి పుట్టినదని చెప్పెను. ఆయన పండితుడే, కాని తన చెవికి తోచినదానినే మూలమనుకొనెను. మన చెవికి ఈశ్వరి శబ్దము స్ఫురించుటయు నట్టిదే. ధ్వనిసామ్యము బంధుత్వము కాదు. ఐగుప్తు చిత్రలిపిలో మనకు తెలిసిన కడపటి శాసనము ఫిలే ద్వీపమున 394లో చెక్కబడినది. పిమ్మట ఆ లిపిని చదువగలవారు లేకపోయిరి. 1822లో ఫ్రెంచి పండితుడగు షాంపోలియన్ లిపిరహస్యమును ఛేదించిన పిదపనే ఆ పేరును పెట్టినవారి మాట లోకమునకు మరల వినబడెను.

ఇక మన కాలమున నొక విపరీతము జరిగినది. సిరియా, ఇరాకు దేశములలో విజృంభించిన యొక ఘాతుక సంస్థయొక్క ఆంగ్లనామపు మొదటి అక్షరములు కూర్పగా, 2014లో ఈ పేరే లోకమంతట మాఱుమ్రోగెను. ఏ పాపము నెఱుగని బాలికలు తమ పేరు చెప్పుకొనుటకే జంకవలసివచ్చెను. 2015లో ప్రపంచ వాతావరణ సంస్థ తూర్పు పసిఫిక్ తుపానుల పేర్ల పట్టికనుండి దీనిని తొలగించెను. దానిని నేను తప్పు పట్టను. తుపానునకు వేఱొక పేరు పెట్టుట సులభము. కాని తల్లిదండ్రులు ముద్దుగా పిలుచుకొన్న బిడ్డను నీ పేరు మార్చుకొమ్మనుట న్యాయమా?

పూర్వులు ఇంతకంటె విశాలహృదయులు. ఇసిడోరు అను పేరున కర్థము ఐసిస్ ఇచ్చిన వరమని. అయినను క్రైస్తవులు ఆ పేరును విడువలేదు. 636లో మరణించిన సెవిల్ బిషప్పు, మహావిద్వాంసుడు, ఇసిడోరు నామముతోనే ప్రసిద్ధుడు. ఆ పేరు పుట్టిన మతమును ఆయన అనుసరింపలేదు, పేరును అవమానింపనులేదు.

విద్యార్థులారా! తరగతిలో నెవరి పేరైన వింతగా వినబడినపుడు నవ్వుట తేలిక. ఆ ధ్వనికి మఱియొక దుష్టార్థము తగిలించి యేడిపించుట యింకను తేలిక. అట్లు చేయుటకు ముందు, నీ పేరున కర్థమేమని ఆ బాలికనే స్నేహముగా నడుగుడు. ఆమెకు తెలియనిచో ఇద్దఱును గూడి వెదకుడు. ఒక సింహాసనమో, ఒక తల్లియో మీకు కనబడవచ్చును.