జ్ఞా అక్షరం చేసిన గడబిడ



‘జ్ఞానం’ అనే మాట వ్రాయనివారు మీలో ఎవ్వరూ ఉండరు. 2018వ సంవత్సరం ఫిబ్రవరి నెలలో ఆ మాటలోని మొదటి అక్షరం ప్రపంచమంతటా పేరు పొందింది. అది మంచి పేరు మాత్రం కాదు! ఐఫోనుకు ఆ అక్షరమున్న సందేశం వస్తే, సందేశాలు చూపే యాప్ టక్కున మూతపడిపోయేది. మళ్లీ తెరిచినా అదే గతి. తెలుగు ఒక్క ముక్క రానివారు సైతం, “ఏమిటీ అక్షరం?” అని అడిగారు.

పాపం, అక్షరం చేసిన నేరమేమీ లేదు. అక్కడ వచ్చిన ‘జ్ఞా’లో కంప్యూటరు లెక్కన ఐదు ముక్కలున్నవి: జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని గుర్తు ఒకటి, చివర దీర్ఘం. ప్రక్క ప్రక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపడం ఆ కనిపించని గుర్తు పని. మనం మామూలుగా వ్రాసే ‘జ్ఞా’లో అది ఉండదు కనుక ఏ చిక్కూ లేదు. అది నడుమ దూరినప్పుడు, అక్షరాన్ని తెరమీద గీసే ప్రోగ్రాము తికమకపడి ఆగిపోయేది. తప్పు ప్రోగ్రాములోనే ఉన్నది.

ఆ సమయానికి ఐఫోనులలో నడుస్తున్నది 11.2.5 అనే రూపం. ఆపిల్ కంపెనీవారు 11.3 అనే క్రొత్త రూపాన్ని తయారుచేస్తూ ఉన్నారు. ప్రయోగదశలో ఉన్న ఆ రూపంలో ఈ తప్పు లేదు. కాని అది ఇంకా పూర్తి కాలేదు. సగం కట్టిన ఇంట్లో కాపురం పెట్టమనరాదు గదా! అట్లని ఇల్లు పూర్తయ్యేదాకా వానలో నిలబడమనీ అనరాదు. అందుచేత పాతదానికే చిన్న సవరణ చేసి, ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేశారు. క్రొత్తది తన దారిన తాను సాగి, మార్చి నెలాఖరున వచ్చింది.

ఒకే ప్రోగ్రామును ఇలా రెండు దారుల్లో నడపడాన్ని ‘కొమ్మలు వేయడం’ అంటారు. ఈ పనికి నేడు ప్రపంచమంతటా చాలామంది వాడుతున్న పనిముట్టు పేరు ‘గిట్’. ఫిన్లండు దేశంలో పుట్టిన లైనస్ టోర్వాల్డ్స్ దీనిని 2005 ఏప్రిల్‌లో వ్రాశాడు. 1991లో లినక్స్ మొదలుపెట్టినవాడు ఇతడే. వేలమంది కలిసి వ్రాసే ఆ పని చిక్కుపడకుండా ఉండటానికే గిట్ పుట్టింది.

అది ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. మా మేళ్లచెరువులో ఏటా మహాశివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతర జరుగుతుంది. జాతరలో మిఠాయి అంగడి పెట్టే ఒకాయనకు, బిల్లు కట్టే చిన్న ప్రోగ్రామును మీరు వ్రాసి ఇచ్చారనుకోండి. పని ఒక కొలిక్కి వచ్చినప్పుడల్లా ‘గిట్ యాడ్’ అని, తరువాత ‘గిట్ కమిట్’ అనాలి. అప్పుడు ఆనాటి రూపం, ఏమి మార్చారో చెప్పే ఒక వాక్యంతో సహా భద్రమౌతుంది. అసలు కొమ్మ పేరు ‘మెయిన్’ అనుకోండి.

అంగడివాడు, “కిలో కొన్నవారికి తగ్గింపు ఇవ్వాలి” అన్నాడు. మీరు ‘గిట్ స్విచ్ -సి తగ్గింపు’ అంటే క్రొత్త కొమ్మ పుడుతుంది. అక్కడ మీరు ఎన్ని ప్రయోగాలు చేసినా, అసలు కొమ్మకు ఏమీ కాదు. అంగడిలో బిల్లులు ఆగవు. ఇంతలో చిల్లర లెక్క తప్పుతున్నదని కబురు వచ్చింది. చేస్తున్న పనిని కమిట్ చేసి, ‘గిట్ స్విచ్ మెయిన్’ అని వెనక్కు వచ్చి, తప్పు దిద్ది, మళ్లీ కమిట్ చేయండి. తగ్గింపు పని పూర్తయ్యాక మెయిన్‌లో ఉండి ‘గిట్ మెర్జ్ తగ్గింపు’ అంటే రెండు కొమ్మలూ కలుస్తాయి. ఒకే పంక్తిని రెండుచోట్లా రెండు విధాలుగా మార్చి ఉంటే, గిట్ తనంతట తాను తీర్పు చెప్పదు. ఆగి మిమ్మల్నే అడుగుతుంది.

ఒక మార్పు చెడ్డదని తేలితే ‘గిట్ రివర్ట్’ ఉన్నది. అది పాత వ్రాతను చెరిపివేయదు. ఆ మార్పుకు విరుగుడైన మరొక మార్పును క్రొత్తగా చేరుస్తుంది. ఏమి తప్పు జరిగిందో, ఎప్పుడు దిద్దారో రెండూ చరిత్రలో నిలిచి ఉంటాయి.

తప్పు ఎప్పుడు దూరిందో తెలియకపోతే? అందుకు ‘గిట్ బైసెక్ట్’. వరుసగా 1,024 మార్పులు జరిగినవనుకోండి. ఒక్కొక్కటే పరీక్షిస్తే తెల్లవారిపోతుంది. గిట్ నడిమి రూపాన్ని తెచ్చి, “ఇది మంచిదా, చెడ్డదా?” అని అడుగుతుంది. మంచిదైతే తప్పు తరువాతి సగంలో ఉన్నట్లు. చెడ్డదైతే ముందు సగంలో. 1,024 కాస్తా 512, 256, 128 అవుతూ, పదే పది పరీక్షల్లో దొంగ దొరికిపోతాడు! అయితే మార్పులు చిన్నచిన్నవిగా కమిట్ చేసినవారికే ఈ ఉపాయం బాగా పనికివస్తుంది. వారం రోజుల పని ఒకే మూటగా కట్టినవాడికి మూట దొరుకుతుంది. అందులో తప్పు ఎక్కడున్నదో మళ్లీ వెతుక్కోవలసిందే.

తల్లిదండ్రులకొక మాట. గిట్ ఉచితంగా లభిస్తుంది. మామూలు కంప్యూటరు చాలును. పిల్లవాడి లెక్క తప్పితే కాగితం చించి మొదటినుండి చేయించకండి. “ఎంతవరకు సరిగ్గా ఉన్నదో చూపు నాయనా” అని అడగండి. తప్పు ఆ తరువాతి మెట్టులోనే దొరుకుతుంది.

పిల్లలూ, ఇక మీకొక లెక్క: 64 మార్పుల్లో ఒకటి తప్పు. ఎన్ని పరీక్షల్లో పట్టుకోగలరు? మార్పులు 128 అయితే ఎన్ని పెరుగుతాయి? కాగితంమీద చేసి ఉంచండి. జవాబు వచ్చే నెల చెప్పుకుందాం.