పాత బండికి క్రొత్త రంగు

పెనుగంచిప్రోలు గ్రామమున మునేటి ఒడ్డున వెలసిన తిరుపతమ్మ తల్లికి రెండేండ్లకొకసారి రంగుల ఉత్సవము జరుగును. అమ్మవారిని, గోపయ్యస్వామిని, తక్కిన పరివార దేవతలను ఊరేగింపుగా జగ్గయ్యపేటకు కొనిపోయి, అచ్చట క్రొత్త రంగులు వేయించి, మరల ఆలయమునకు తోడ్కొని వత్తురు. పాత రంగు పోయినదే, ఇక ఇది మూలరూపమగునా కాదా అని భక్తులెవ్వరును విచారింపరు. రంగు మాసిన తల్లిని చూచుటయే వారికి కష్టము.

అదే జగ్గయ్యపేటలో దీనికి విరుద్ధమైన కథ వేరొకటి కలదు. 1882లో బర్జెస్ దొర అచ్చటి బౌద్ధస్తూపమును త్రవ్వించి లోకమునకు తెలియజేసెను. అందలి చెక్కడపు పలకలు మద్రాసు మ్యూజియమునకు చేరినవి. ఆ రాళ్లకు ఎవరైన రంగు పూసినను, విరిగిన ముక్కును సున్నముతో అతికినను మనము దానిని దుండగమనియే అందుము. ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుని నాటి శాసనములో అరిగిన అక్షరమును బాగుచేయబోయిన వాడు చరిత్రనే చెడగొట్టినవాడగును. ఒకే ఊరిలో క్రొత్త రంగు ఒకచోట పుణ్యము, ఇంకొకచోట పాపము.

పాత మోటారుబండ్లను బాగుచేయించుకొను వారి నడుమ చాలకాలముగ నలుగుచున్న వివాదమునకు ఈ రెండు ఉదాహరణములును పనికివచ్చును. బండి కర్మాగారమును విడిచిననాడు ఏ రంగు, ఏ ఇంజను, ఏ సీటుగుడ్డ ఉండెనో నేడును అవియే ఉండవలెనని కొందరి పట్టు. ఒక్క మర మారినను వారికి నిద్ర పట్టదు. బండి నాది, సొమ్ము నాది, ముచ్చట నాది అని మరికొందరి వాదము. వీరు ఏసీ పెట్టింతురు, డిస్కు బ్రేకులు వేయింతురు, స్టీరింగు ప్రక్కనున్న గేరుకఱ్ఱను నేలమీదికి దింపింతురు, ఆలుబిడ్డలతో తిరుపతి పోయి వత్తురు. మొదటివారి దృష్టిలో రెండవవారు విధ్వంసకులు. రెండవవారి దృష్టిలో మొదటివారు బండికి కాపలాదారులే గాని యజమానులు కారు.

ఇంతకును మూలరూపమనగా నేమి? అంబాసిడరు సంగతినే చూతము. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి బండియే కలకత్తా సమీపమున ఉత్తరపారా కర్మాగారమునకు వచ్చి, 1950 దశకము చివర అంబాసిడరు అను పేరు దాల్చెను. మొదట దానిలో ప్రక్కవాల్వుల ఇంజను ఉండెను. 1959లో పైవాల్వులు గల 1,489 సీసీ ఇంజను వచ్చెను. 1990 దశకమున జపాను దేశపు ఇసుజు ఇంజను ప్రవేశించెను. 2014లో ఉత్పత్తి నిలిచిపోవువరకు చేసినవాడే దానిని మార్చుచు వచ్చెను.

కొన్నవాడు అంతకంటె ఎక్కువ మార్చెను. పెట్రోలు ధర మోయలేక డీజిలు ఇంజను బిగించిన అంబాసిడర్లు మన మెట్ట ఊళ్లలో ఎన్ని తిరిగినవో! పెండ్లివారిని మోసినవి అవియే, పురిటి నొప్పుల ఇల్లాలిని రాత్రివేళ ఆస్పత్రికి చేర్చినవి అవియే. విజయవాడ ఆటోనగరులో పాత ఇంజను కొని, లేతు పట్టించి, దానికి తగిన పట్టీలు కొట్టించి బిగించిన మేస్త్రీకి ఏ కంపెనీవాడును పటము గీసి ఇయ్యలేదు. అట్టి బండినుండి ఆ డీజిలు ఇంజనును ఊడదీసి, ఎచ్చటినుండియో తెచ్చిన పెట్రోలు ఇంజను పెట్టి, ఇదిగో అచ్చమైన మూలరూపమని ప్రదర్శనలో నిలుపుట మాకు కల్పితకథ వలెనే తోచుచున్నది. ఆ బండి నందిగామ బాటలో గడపిన ముప్పది యేండ్ల జీవితమును తుడిచివేసి, కర్మాగారములో గడపిన ఒక్క దినమును మాత్రమే నిజమనుట యేమి న్యాయము?

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున ఒక పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానిని తెప్పింప నేర్పాటు చేసెను గాని, అది చేరునప్పటికి ఆయన లేడు. 1911లోనే గతించెను. పిదప అది నడచిన దూరము చాల స్వల్పము. ఆ బండి బ్రదుకుతెరువునకు ఎన్నడును పోలేదు గనుక దాని విషయమున మూలరూపవాదము చక్కగా చెల్లును. దానికి నేడు ఎవరైన లోహపుమెరుపు రంగు కొట్టింపబోయినచో అడ్డుపడువారిలో మేమును ఉందుము. స్తూపమునకు చెల్లు ధర్మమే దానికిని చెల్లును. కాని నిజాము బండికి వ్రాసిన ధర్మశాస్త్రమునే అద్దెబండికిని వర్తింపజేయుటలోనే చిక్కున్నది.

ప్రభుత్వము చేసినది ఇంచుమించుగ అదియే. 2021 జూలైలో కేంద్రము మోటారు వాహనముల నిబంధనలను సవరించి, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటిన కార్లకు, ద్విచక్ర వాహనములకు వింటేజి హోదా నేర్పరచెను. నంబరు పలకపై వి.ఏ. అను అక్షరములు వచ్చును. క్రొత్త రిజిస్ట్రేషనునకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. పాత బండ్లకు ఒక గౌరవస్థానము దొరకుట సంతోషమే. కాని బండి మూలరూపమున నుండవలెను, చాసిస్‌లో గాని, పైడొల్లలో గాని, ఇంజనులో గాని చెప్పుకోదగ్గ మార్పు జరిగియుండరాదు అని నియమము. అంతటితో ఆగక, అట్టి బండిని రోడ్డుపై నిత్యము నడుపరాదు. ప్రదర్శనకో, సాంకేతిక పరిశోధనకో, పాతబండ్ల ర్యాలీకో, ఇంధనము పోయించుటకో, మరమ్మతునకో మాత్రమే బయటికి తీయవచ్చును. మార్చి నడుపుకొన్న రైతునకు ఆ గౌరవము దక్కదు. గౌరవము పొందినవానికి నడుపుకొను సుఖము దక్కదు. నిత్యము నడుపదలచినవాడు సాధారణ రిజిస్ట్రేషనునే ఐదేండ్లకొకసారి పొడిగించుకొనుచు పోవలెను. ఆ తిరుగుడు పడలేక పాతయినుము కొట్టుకు తోలినవారు ఉన్నచో వారిని తప్పుపట్టలేము.

పాత వాహనముల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ పత్రము ఇంతకంటె ఉదారముగ ఉన్నది. బండి నడచుటయే దాని ప్రాణమని అది అంగీకరించును. మార్చిన ప్రతి భాగమునకు లిఖితపూర్వకమైన ఆధారముండవలెను, క్రొత్త భాగములను గుర్తుపట్టుటకు చిన్న గుర్తు వేయవలెను అని మాత్రము పట్టుపట్టును. మా అభిప్రాయమును ఇదియే. యజమాని ముచ్చట తీర్చుకొనవచ్చును గాని, తరువాతివాడు వెనుకకు మరలింపగలిగినంత మేరకే తీర్చుకొనవలెను. సీటు మార్చవచ్చును, పాతది అటక మీద పెట్టవలెను. రంగు మార్చవచ్చును, మొదటి రంగు ఏదో తలుపు లోపలి అంచున అరచేతి మేర విడువవలెను. కత్తిరించిన రేకు మాత్రము మరల అతుకదు. కనుక పైకప్పు కోయించి తెరచాప బండిగా మార్చువారి ముచ్చటను మేము మెచ్చలేము. ఇక సీటుబెల్టులు, మంచి బ్రేకులు అనునవి ముచ్చటల లెక్కలోనికి రావు. నేటి విజయవాడ-హైదరాబాదు రహదారిపై నాటి డ్రమ్ము బ్రేకులతో సంసారమును వేసికొని పోవుట మూలరూపభక్తి అనిపించుకొనదు.

తిరుపతమ్మ రంగులు మారునను సంగతి ఊరందరికి తెలియును. ఎప్పుడు మారునో, ఎచ్చట మారునో తెలియును. ఆ మార్పునకు ఒక క్రమమున్నది, సాక్షులున్నారు. మన పాత బండ్లకు లోపించినది అదియే. వింటేజి నిబంధనను మరల సవరించునప్పుడు, ఇంజను మారినను ఆ మార్పు ఏ నాటిదో, ఎవరు చేసినదో ఆధారములతో చూపగల బండిని ప్రక్కకు త్రోయకుండుట యుక్తము. అట్టివానికి నెలకు కొన్ని దినములైన రోడ్డు మీద స్వేచ్ఛ ఇయ్యవలెను.

ఆ ఆధారములను సేకరించు పని ఢిల్లీలో జరుగునది కాదు. పాఠశాలలు పూనుకొనదగిన పని అది. నందిగామ, జగ్గయ్యపేటల షెడ్లలోను, ఊళ్ల పశువుల కొట్టములలోను ఇంకను నిలిచియున్న పాత కార్లను, జీపులను, ట్రాక్టర్లను పై తరగతుల విద్యార్థులు చూచి వ్రాసికొనవచ్చును: బండి ఏ సంవత్సరపుది, ఇంజను ఎప్పుడు మారెను, ఎందుకు మారెను, టింకరింగు ఎవరు చేసిరి, ఎంత సొమ్మైనది. గేరుపెట్టె లోపమును చెవితోనే కనిపెట్టు పెద్ద మేస్త్రీలు ఈనాడు అరవై, డెబ్బది యేండ్ల ప్రాయమున నున్నారు. వారి వద్దకు ఆదివారము నాడు నలుగురు పిల్లలను, ఒక రూళ్ల పుస్తకమును పంపినచో చాలును.