మిద్దె మీది తోట

పూరియింటి కప్పుపై గుమ్మడితీగ ప్రాకియుండుట తెలుగు పల్లెలలో పెద్దలందరు ఎరిగిన దృశ్యము. ఇల్లాలు గోడ ప్రక్కన చిన్న గుంత త్రవ్వి, అందులో ఇంత పెంటయెరువు వేసి, నాలుగు గింజలు నాటెడిది. అంట్లు కడిగిన నీరే ఆ పాదునకు చాలెడిది. వానకారు ముగియునాటికి కప్పంతయు ఆకులతో నిండెడిది. కాయలు వంటయింటికి చేరెడివి. ఆకుల నీడ ఇంటికి చల్లదనము నిచ్చెడిది. ఇంటికప్పు కూడ పంటభూమియే యని తెలిసికొనుటకు ఆ ఇల్లాలు ఏ శాస్త్రమును చదువలేదు.

నేడు అట్టి ఇండ్ల స్థానమున సిమెంటు మేడలు లేచినవి. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి నగరములందు పెక్కు ఇండ్లకు పెరడు లేదు. పాదు పెట్టుటకు జానెడు నేలయు లేదు. కాని ప్రతి మేడకును కప్పు కలదు. ఇల్లు కట్టునపుడు ఎంత నేలను కప్పివేసిరో, రమారమి అంత స్థలము పైన ఆకాశమునకు ఎదురుగా బోసిగా పడియున్నది. నీటితొట్టి, విరిగిన కుర్చీలు, పాత సైకిలు తప్ప అందు మరేమియు కానరావు. నేలనుండి తీసికొనిన దానిలో కొంతయైనను పచ్చదనముగా తిరిగి ఇచ్చుట గృహస్థుని ధర్మము. కావున శక్తి కలిగిన ప్రతి మిద్దెపైనను తోట ఉండదగినది.

ఈ మాట కేవలము వేడుక కొరకు చెప్పునది కాదు. నగరము చుట్టుపట్ల గ్రామములకంటె వేడిగా నుండునని ల్యూక్ హోవార్డు అను ఆంగ్లేయుడు లండను నగరమున కొలతలు తీసి, 1818లో వెలువడిన తన గ్రంథమున తెలిపెను. సిమెంటు కప్పు పగలెల్ల ఎండను త్రాగి, రాత్రి ఆ వేడిమిని మెల్లగా క్రక్కును. వేసవిలో పై అంతస్తువారికి నడిరేయి దాటినను నిద్రపట్టకుండుటకు ఇది ముఖ్యకారణము. మొక్క ఇందుకు రెండు విధముల విరుగుడు. దాని ఆకులు కప్పుపై ఎండ పడకుండ అడ్డుకొనును. అంతియేకాక, వేళ్లు పీల్చిన నీటిని ఆకులు ఆవిరిగా విడుచును. ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కాలరీల వేడిమి కావలెను. ఆ వేడిమి పరిసరములనుండియే పోవును. కుండలోని నీరు చల్లబడుటకును, చెట్టు క్రింద హాయిగా నుండుటకును కారణమిదియే.

ఇతర దేశములవారును ఈ మేలును గుర్తించిరి. నార్వే దేశపు రైతులు భూర్జవృక్షపు బెరడును నీరు కారకుండ పరచి, దానిపై గడ్డితో కూడిన మట్టిపెళ్లలు కప్పి, శతాబ్దములనుండి ఇండ్లు కట్టుకొనిరి. కెనడాలోని టొరంటో నగరము, పెద్ద పెద్ద క్రొత్త భవనముల కప్పులపై కొంతభాగము పచ్చగా నుండవలెనని 2009లో శాసనము చేసెను.

మిద్దెతోట వలన కలుగు లాభములలో చల్లదనము ఒకటి మాత్రమే. తోటకూర, మెంతికూర విత్తిన నెలలోపుననే కోతకు వచ్చును. బచ్చలి, పుదీన ఒకసారి నాటిన పలుమార్లు కోసికొనవచ్చును. వంగ, బెండ, టమాట మొక్కలకు అడుగు లోతు గల తొట్టి చాలును. కూరగాయల తొక్కలు, రాలిన ఆకులు వీధికుప్పలో కుళ్లి దుర్గంధము పుట్టించుటకు మారుగా, ఎరువై మొక్కలకు బలమిచ్చును. అన్నిటికంటె మిన్న, బజారులో తప్ప వంకాయను చూచి యెరుగని నగరబాలుడు పువ్వు పిందె యగుటను, పిందె కాయ యగుటను కన్నులార చూచును. పండించువాని శ్రమ అతనికి అప్పుడు తెలియును. కంచములో మెతుకు విడుచుటకు మనసొప్పదు.

అయినను, ఉత్సాహమునకు ముందు వివేకముండవలెను. మనుష్యులు ఎక్కి తిరుగు సాధారణపు కప్పునకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువును లెక్కగట్టవలెనని భారతదేశపు కట్టడ ప్రమాణములు చెప్పుచున్నవి. తడిసిన మట్టి ఘనపు మీటరుకు 1,600 కిలోల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, తూగును. దానిని అడుగు మందమున కప్పంతట పరచినచో చదరపు మీటరుపై దాదాపు 480 కిలోల భారము పడును. ఇది లెక్కకు మూడింతలు! ఇంజనీరును సంప్రదింపక ఇట్లు చేయుట తోట వేయుట కాదు, ఇంటికి ముప్పు తెచ్చుట. మట్టి తగ్గించి, కోనసీమ వంటి చోట్ల పీచు తీయగా మిగులు కొబ్బరిపొట్టును, మాగిన ఎరువును కలిపిన తొట్లు తేలికగా నుండును. వానిని దూలములపైనను, గోడల వెంబడియు, దూరదూరముగా నుంచవలెను. నీరు నిలిచి కప్పు చెమ్మగిల్లకుండ తొట్ల క్రింద ఎత్తుపీటలు వేయవలెను. పళ్లెములలో నీటిని వారమునకు ఒకసారియైనను పారబోయనిచో, డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమలు అందు పెరుగును.

నీటి విషయము మరింత ఆలోచింపదగినది. వేసవిలో పేదపేటల స్త్రీలు బిందెలతో నీళ్లబండికై ఎదురుచూచుచుండగా, మేడపై గులాబీలకు త్రాగునీటిని గొట్టముతో పోయుట న్యాయము కాదు. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు, పట్టి నిలువచేసిన వాననీరు మొక్కలకు వాడవలెను. తెల్లవారుజామునను సాయంకాలమునను పోసినచో తక్కువ నీరే చాలును.

కప్పునకు తెల్లసున్నము పూసినను ఇల్లు చల్లబడును గదా, తోట యేల యని కొందరు వాదింతురు. ఆ మాటలో నిజమున్నది. బరువు మోయలేని పాత మిద్దెలకు సున్నమే తగిన ఉపాయము. కాని సున్నము చల్లదనము నిచ్చునే గాని కూరాకు నీయదు, తుమ్మెదను పిలువదు. చోటును బట్టి రెండును వాడుకొనవచ్చును. అనేక కుటుంబములు కలిసియుండు భవనములలో కప్పు ఉమ్మడి సొత్తు. అచట ఒకరు వడియములు ఎండబెట్టుదురు, ఒకరు బట్టలు ఆరవేయుదురు, పిల్లలు గాలిపటములు ఎగురవేయుదురు. అందరి సమ్మతితో వేసి, అందరును పోషించిన తోటయే అట్టిచోట నిలుచును. కాయ కోయుట అందరి వంతు, నీరు పోయుట ఒకరి వంతు అయినచో ఏ తోటయు నిలువదు.

ఇక మేడ లేనివాని మాట యేమి? నగరమున వేసవి బాధ నెక్కువగా అనుభవించువాడు రేకుల కప్పు క్రింద నివసించు కూలివాడు. ఆ రేకులు తొట్ల బరువును మోయలేవు. అట్టివాని విషయమున మిద్దెతోట వ్యర్థోపదేశమని తోచవచ్చును. కాని ఆనాటి ఇల్లాలు పాదును కప్పుపై పెట్టలేదు. నేలపై పెట్టి, తీగను మాత్రము పైకి పంపెను. వేరు నేలపై నున్నందున ఇంటిపై మట్టి భారము లేదు. నీడ మాత్రము ఇంటిపై పడెను. గోడ ప్రక్క ఒక పెద్ద తొట్టి, నాలుగు వెదురుబద్దల పందిరి, ఒక సొరవిత్తు ఉన్నచో రేకుల ఇంటికిని కొంత నీడ లభించును. చిక్కుడు, బీర, దొండ వంటి తీగలును అట్లే ప్రాకును.

మిద్దెతోటలు ఎన్ని పెరిగినను, పూడ్చిన చెరువులకును కొట్టిన చెట్లకును అవి ఈడు గావు. ఉద్యానవనములను కాపాడుట నగరపాలకుల విధి. తన కప్పును చూచుకొనుట పౌరుని విధి. ఒకరు తమ పని చేయలేదని మరియొకరు ఊరకుండరాదు. పాఠశాల మిద్దెపై నాలుగు తోటకూర తొట్లతో ఈ విద్యను బాలబాలికలు ఆరంభించినచో, వారు రేపు కట్టుకొను ఇండ్లు మొదటి రాయి నాడే తోటను తలంచి లేచును.