పేర్లు మాటలైన వైనము

గత మాసమున నొక సోదరీమణి మాకు లేఖ వ్రాయుచు, "చలికాలము వచ్చుచున్నది. మనుమనికి కార్డిగన్ అల్లుచున్నాను. ఈ మాటకు తెలుగేమి? ఇంగ్లీషులోనైన దీనికి మూలార్థమేమి? నిఘంటువు తిరుగవేసితిని గాని యది ఉన్నికోటు అని చెప్పి యూరకున్నది" అని యడిగినారు. రెండు పంక్తులలో సమాధానము తేలునని కూర్చుంటిమి, తేలలేదు. కావున నీ నెల మా పుట యంతయు దానికే వినియోగించుచున్నాము.

ఇంగ్లీషువారు రెండు మాటలను చేర్చి క్రొత్తమాటను చేయుట మన కెఱుకయే. రెయిన్‌కోటు, హ్యాండ్‌బ్యాగు మొదలగునవి యట్టివి. మన వంటయిల్లు, ముక్కుపుడక వలెనే వీనిని విడదీసినచో నర్థము దొరకును. కాని కార్డిగన్ అను దానిని ఎన్నిమాఱులు విడదీసినను ఉన్నిపోగైనను కానరాదు. అది యొక ప్రభువు బిరుదు. ఇట్టి మాటలకు వ్యుత్పత్తి చెప్పిన చాలదు, కథ చెప్పవలెను.

1854వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన క్రిమియా దేశమునందలి బాలక్లావా యొద్ద ఇంగ్లీషువారికిని రష్యనులకును పోరు జరిగెను. ఇంగ్లీషు సేనకు అధిపతి రాగ్లన్ ప్రభువు. ఈయన 1815లో వాటర్లూ యుద్ధమున కుడిచేతిని పోగొట్టుకొనినవాడు. కొండపైనుండి యాయన పంపిన యాజ్ఞను క్రిందివారు తప్పుగా గ్రహించిరి. అందువలన కార్డిగన్ ప్రభువు దాదాపు 670 మంది అశ్వికులను వెంట గొని, మూడువైపుల ఫిరంగులున్న లోయలోనికి దుమికెను. కొలది నిమిషములలో నూఱుమందికి పైగా మరణించిరి. కార్డిగన్ ప్రభువు మాత్రము క్షేమముగా తిరిగివచ్చెను. రేవులో నాయనకు సొంత విహారనౌక యుండెడిది. తక్కిన సైనికులు గుడారములలో చలికి వడకుచుండగా నీయన రాత్రులు దానిలో నిద్రించుచుండెను.

ఆయన ధరించిన ఉన్ని చొక్కాయను బట్టి ముందు బొత్తాములు గల యల్లికకు కార్డిగన్ అను పేరు వచ్చెను. మెడనుండి ఏకముగా దిగు చేతిపనితనమునకు రాగ్లన్ అని పేరు. చేయి లేని యా సేనాధిపతికి సులువుగా నుండుటకై యట్లు కుట్టిరని చెప్పుదురు. ముఖము తప్ప తల, మెడ యంతయు కప్పు ఉన్నికుళ్లాయికి తరువాతి కాలమున బాలక్లావా యను పేరు స్థిరపడెను. మేనికి, భుజమునకు, తలకు మూడు మాటలు ఒక్క దండయాత్రనుండియే! అల్లికసూదులు పట్టిన సోదరీమణులు తమ చేతిలో నింతటి యుద్ధమున్నదని యెఱుగరు గదా. ఆ లోయలో పడిపోయిన రౌతుల పేరు మాత్రము ఏ గుడ్డకును అంటలేదు.

శాండ్‌విచ్ కథ అందఱును వినియే యుందురు. 18వ శతాబ్దమునాటి శాండ్‌విచ్ ప్రభువు జూదపు బల్లవద్దనుండి లేవక రొట్టెముక్కల నడుమ మాంసము పెట్టించుకొని తినెనని యొక వాడుక. ఆయన చరిత్ర వ్రాసినవారు, ఆ ప్రభువు నౌకాశాఖ పనిలో తలమునుకలై వ్రాతబల్లయొద్దనే తినియుండునని యందురు. ఏది యెట్లైనను రొట్టె కోసి ముక్కలు పెట్టిన వంటవా డెవడో తెలియదు.

ఇంతవఱకు ప్రభువుల మాట. ఇక స్త్రీల మాట చెప్పవలసియున్నది.

అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో సెనెకా ఫాల్స్ అను చిన్న పట్టణము కలదు. అందు అమీలియా బ్లూమర్ అను నామె 1849లో ‘లిలీ’ యను మాసపత్రికను స్థాపించి మద్యపాననిషేధమును గూర్చియు, స్త్రీల హక్కులను గూర్చియు వ్రాయుచుండెను. ఆ కాలపు దొరసానులు ఆఱేడు లోపావడాలపై నేలజీరాడు పరికిణీలు ధరించి వీధులను ఊడ్చుచు నడచెడివారు. 1851లో ఎలిజబెత్ స్మిత్ మిల్లర్ అను నామె మోకాళ్లకు కొంచెము దిగువవఱకు పరికిణీని, దానిక్రింద టర్కీ స్త్రీల వలె చీలమండయొద్ద కుచ్చుపెట్టిన వదులు శరాయిని ధరించి యా పట్టణమునకు వచ్చెను. బ్లూమర్ తానును అట్టి దుస్తులు కుట్టించుకొని పత్రికలో దానిని గూర్చి వ్రాసెను. అంతట నలుదెసలనుండి ఆ కుట్టుకొలతలు పంపుడని ఉత్తరములు వచ్చిపడెను. 500 ప్రతుల పత్రిక 4,000 దాక పెరిగెనట. ఒక మాసపత్రిక నడపువారికి ఈ యంకెలు చూచిన నసూయ కలుగకపోదు!

కాని తక్కిన పత్రికలవారు ఆ దుస్తులకు ‘బ్లూమర్’ అని పేరు పెట్టి హేళన చేసిరి. వీధిలో పిల్లలు వెంటబడి యల్లరిపెట్టిరి. కొన్ని సంవత్సరములలోనే అనేకులు దానిని విడిచి మరల నేలజీరాడు పరికిణీలు కట్టిరి. ఇది నేను కనిపెట్టినది కాదు, మిల్లర్‌గారిదని బ్లూమర్ చెప్పుచునే యుండెను; ఎవరును వినలేదు. పిమ్మట నా మాట యింకను దిగజారి స్త్రీల లోదుస్తుల కొక పేరైపోయెను. వోటు హక్కుకై జీవితాంతము పాటుపడి 1894లో గతించిన పత్రికాధిపతురాలి పేరు చెప్పినచో నేటికిని కొందఱు ముసిముసి నవ్వు నవ్వుదురు. కార్డిగన్ ప్రభువు పేరు విని యెవరును నవ్వరు. మాకు ఇది న్యాయముగా తోచలేదు.

బ్లూమర్‌కు తనది కాని దానికి పేరు వచ్చెను. జాన్ బారే యను ఫ్రెంచి స్త్రీకి తనదైన దానికిని రాలేదు. మన గోడలపై ఎఱ్ఱగా ప్రాకు కాగితపుపూల తీగను ఇంగ్లీషున బూగన్‌విలియా యందురు. బూగన్‌విల్ అను ఫ్రెంచి నావికుడు 1766 మొదలు 1769 వఱకు భూప్రదక్షిణము చేసెను. ఆయనతో కొమ్మెర్సన్ అను వృక్షశాస్త్రవేత్త వెళ్లెను. ఓడలపై స్త్రీ లుండరాదని ఫ్రెంచి నౌకాదళపు కట్టడి; కావున నాయన సహచరియైన బారే మగవేషము ధరించి సేవకుడనని చెప్పి యోడ యెక్కెను. కొమ్మెర్సన్‌కు కాలి పుండు బాధించుచుండుటచే కొండలెక్కి మొక్కలు సేకరించుట, బరువులు మోయుట చాలవఱకు ఆమె వంతయ్యెను. 1767లో బ్రెజిలు దేశమున రియో నగరము చెంత దొరకిన యీ తీగను కోసినవి ఆమె చేతులే యని కొందఱు చరిత్రకారు లూహించుచున్నారు. తీగకు మాత్రము నావికుని పేరు పెట్టిరి.

ఆమె గుట్టు తరువాత బయటపడెను. అయినను ఆమె కొన్నేండ్లకు ఫ్రాన్సు చేరి, లోకము చుట్టివచ్చిన ప్రథమ స్త్రీ యయ్యెను. 1785లో ప్రభుత్వము ఆమెకు సాలునకు 200 లీవర్లు భృతి యిచ్చెను. కొమ్మెర్సన్ ఒక మొక్కకు ఆమె పేరు పెట్టదలచెను గాని యా పేరు నిలువలేదు. తుదకు 2012లో దక్షిణ అమెరికాలో కనుగొనిన, మన వంకాయ కులమునకే చేరిన యొక మొక్కకు శాస్త్రజ్ఞులు ఆమె పేరిడిరి. ఇది మా సోదరీమణులకు సంతోషము కలిగించునని నమ్ముచున్నాము.

మన పేరొకటియు ఇంగ్లీషు నిఘంటువున కలదు. తఱుగని సంపద గల చోటును వారు ‘గోల్కొండ’ యందురు. గోలకొండలో వజ్రపుగని లేదు. అది బేరము జరిగిన చోటు. త్రవ్వినది కృష్ణాతీరమున కొల్లూరు మొదలగు తావులలో, వేలకొలది కూలీలు, వారిలో ఆడువారును పిల్లలును, మట్టి మోసి కడిగిరి. ఆ నిఘంటువున కొల్లూరు లేదు.

మా సోదరి యడిగిన తెలుగుమాట సంగతి మిగిలినది. ‘ఉన్నిచొక్కా’ యని మాకు తోచుచున్నది గాని, బొత్తాములు గలదని తెలియుటకు అది చాలదు. మీకు మేలైన మాట తోచినచో వ్రాసి పంపుడు; వచ్చు నెల ప్రకటింతుము. మనుమని చొక్కాకు చేతులు రాగ్లన్ పద్ధతిని వేసినచో కుట్టు తగ్గునని అల్లిక తెలిసినవారు చెప్పిరి.