చూపు పోయినా చదువు ఆగక్కర్లేదు

"ఇక మందులతో లాభం లేదండీ." చూపు పూర్తిగా దెబ్బతిన్న వాళ్లకు డాక్టర్లం ఈ మాట చెబుతాం. చెప్పి, తర్వాతి పేషెంటును పిలుస్తాం. ఆ ఇంట్లో ఆ తర్వాత ఏం జరుగుతుందో మాకు తెలియదు.

కొన్ని నెలల కిందట బాన్సువాడకు దగ్గర్లోని ఒక ఊరి నుంచి రిటైరైన ఉపాధ్యాయుడొకరు ఓపీకి వచ్చారు. 20 ఏళ్లకు పైగా షుగర్. రెటీనా దెబ్బతిని రెండు కళ్లూ దాదాపు పోయాయి. చేయాల్సిన చికిత్సలన్నీ అయ్యాయి. నేను ఇన్సులిన్ మోతాదు రాస్తుంటే అడిగారు: "డాక్టర్ సాబ్, షుగర్ సంగతి సరే. పొద్దున లేస్తే పేపర్ చదవకుండ ఎట్ల ఉండాలె?"

"మనవడితో చదివించుకోండి సార్" అన్నాను.

"రెండు రోజులు చదివిండు. మూడో రోజు బడికి టైమ్ అయితుందన్నడు" అని నవ్వారు. నా దగ్గర ఇంకో సమాధానం లేదు.

ఆ తర్వాత హైదరాబాద్ వెళ్లినప్పుడు, అనుమతి తీసుకుని ఒక అంధుల పాఠశాలలోని గ్రంథాలయం చూశాను. మనం చేత్తో పట్టుకుపోయే ఒక్క పాఠ్యపుస్తకం అక్కడ దళసరి కాగితాలతో నాలుగైదు పెద్ద సంపుటాలుగా ఉంది. పుస్తకాలన్నీ నిలబెట్టే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే బరువుకు చుక్కలు అణిగిపోతాయట. పదేళ్ల పాప పేజీ మీద వేళ్లు జరుపుతూ తెలుగు కథ చదివి వినిపించింది. నేను కళ్లు మూసుకుని తడిమితే గరుకు తప్ప ఏమీ తెలియలేదు.

ఆ లిపిని తయారుచేసిన లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్స్‌లో పుట్టారు. మూడేళ్ల వయసులో తండ్రి దుకాణంలో తోలుకు చిల్లులు పెట్టే ఆరె కంట్లో గుచ్చుకుంది. ఇన్ఫెక్షన్‌తో రెండు కళ్లూ పోయాయి. ఆరు చుక్కల్నే రకరకాలుగా కలిపి ఆయన కూర్చిన లిపి ఇవాళ తెలుగుకూ పనికొస్తోంది.

పక్క గదిలో పిల్లలు హార్మోనియం సాధన చేస్తున్నారు. అది వింటుంటే విజయనగరం గుర్తొచ్చింది. అక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. కోటలో ఉద్యోగి ఒకరు చూపులేని తన కుమారుడికి సంగీతం నేర్పించమని కోరితే, రాజావారు ఏకంగా కళాశాలే పెట్టించారని చెబుతారు. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారు, ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన తలుపులోంచి తర్వాత ఘంటసాల వంటి వారెందరో నడిచారు.

మరి మా మాస్టారి సంగతి? షుగర్ ఎక్కువ కాలం ఉన్నవారికి వేళ్లలో స్పర్శ తగ్గవచ్చు. అలాంటివారికి బ్రెయిలీ కష్టం. చెవులతో చదవడమే మేలు. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో 'టాక్‌బ్యాక్' ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, తెలుగు గొంతు పెడితే వార్తల వెబ్‌సైట్లు చదివి వినిపిస్తుంది. పేపర్‌ను ఫొటోలా పెట్టిన పేజీలను మాత్రం అన్నిసార్లూ చదవలేదు. 2016లో మొదలైన 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైన్ గ్రంథాలయం అచ్చు పుస్తకాలు చదవలేని వారి కోసమే ఉంది. 2012 కాపీరైట్ చట్ట సవరణతో ఇలాంటి వారి కోసం పుస్తకాల్ని వేరే రూపంలోకి మార్చడం సులువైంది.

మీ ఇంట్లో ఇలాంటివారు ఉంటే మూడు పనులు చేయండి. మొదటిది, వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. 40 శాతం, ఆపైన ఉంటే చట్టం ఇచ్చే చాలా సౌకర్యాలకు అదే ఆధారం. నామోషీ పడి పెట్టెలో దాచకండి. రెండోది, కాస్తయినా చూపు మిగిలి ఉంటే లో విజన్ క్లినిక్‌లో చూపించండి. తగిన భూతద్దం, మంచి వెలుతురు చాలామందిని మళ్లీ చదివిస్తాయి. మూడోది, చూపులేని పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టకండి. 6 నుంచి 18 ఏళ్ల వరకు పక్కనున్న బడిలోనో, ప్రత్యేక పాఠశాలలోనో ఉచితంగా చదివే హక్కును 2016 దివ్యాంగుల చట్టం ఇచ్చింది. పోయిన ఒక్కో ఏడాదీ తిరిగి రాదు.

షుగర్ ఉన్నవారికి ఇంకో మాట. చూపు బాగానే ఉందనిపించినా ఏడాదికోసారి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోండి. చూపు తగ్గాక వస్తే మా చేతిలో మిగిలేది తక్కువ.

తర్వాతి నెల మాస్టారు వచ్చినప్పుడు ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టించాం. అలవాటు కావడానికి మూడు వారాలు పట్టిందట. "ఇప్పుడు మనవడు బడికి పోయేలోపు నేనే వానికి వార్తలు చెప్తున్న" అన్నారు.

చికిత్స అయిపోయిందని డాక్టర్ చెబితే లేచి వచ్చేయకండి. "మరి చదువుకోవడం ఎలా?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కూడా మా పనే. మాస్టారు అడిగేదాకా నాకు తట్టలేదు.