ఆ రెండు నిమిషాలు

1955. స్కాట్లండ్‌లోని ఫోర్ట్ విలియం పట్టణం. బెన్ నెవిస్ కొండ పరుగు మొదలైంది. మగవాళ్లంతా ఒక్క ఉదుటున కదిలారు. పదహారేళ్ల కాథ్లీన్ కొనాకీ మాత్రం గీత దగ్గరే నిలబడిపోయింది. ఆడపిల్లను పోటీలోకి తీసుకోవడానికి క్రీడాధికారులు ఒప్పుకోలేదు. రెండు నిమిషాలు ఆగి, అందరూ వెళ్లిపోయాక, ఒంటరిగా పరుగు అందుకుంది. బ్రిటన్‌లోకెల్లా ఎత్తయిన కొండను ఎక్కి దిగి, మూడు గంటల రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

ఈ పరుగు చరిత్ర తిరగేసిన ప్రతిసారీ నా మనసు ఆ రెండు నిమిషాల దగ్గరే ఆగిపోతుంది. కొండకు ఆడామగా తేడా తెలియదు. ఎవరు ఎక్కినా అదే ఏటవాలు, అవే రాళ్లు, అదే చలిగాలి. తేడా అంతా కింద, పేర్లు రాసుకునే బల్ల దగ్గరే.

అసలీ పరుగు పుట్టిందే రాసుకునే అలవాటులోంచి. 1881లో క్లెమెంట్ రాగ్ అనే వాతావరణ పరిశోధకుడు వేసవి అంతా రోజూ ఈ కొండెక్కి గాలినీ వాననూ చలినీ కొలిచి రాసుకునేవాడు. రెండేళ్లకు శిఖరం మీద వాతావరణ పరిశోధనశాల వెలిసింది. దానికోసం గుర్రాలు నడిచే బాట వేశారు. బాట పడ్డాక, ఎంతసేపట్లో ఎక్కి దిగగలమన్న పంతం పుట్టకుండా ఉంటుందా? 1895లో ఫోర్ట్ విలియం ఊరివాడే విలియం స్వాన్ పోస్టాఫీసు దగ్గర బయల్దేరి, శిఖరం తాకి, 2 గంటల 41 నిమిషాల్లో వెనక్కి వచ్చాడు. 1898లో పదిమందితో తొలి పోటీ జరిగింది. గెలిచింది వేటభూముల కాపలాదారు హ్యూ కెనడీ. 1903లో గెలిచిన ఎవెన్ మెకంజీ, ఆ పరిశోధనశాల బాటను బాగుచేసే పనివాడు. రోజూ ఏ బాట మీద చెమటోడ్చాడో ఆ బాట మీదే గెలిచాడు.

1904లో పరిశోధనశాల మూతపడింది. అయినా కొండెక్కే పంతం చావలేదు. 1909లో పోస్టాఫీసులో పనిచేసే ఎలిజబెత్ టెయిట్ రెండు గంటలలోపే శిఖరం చేరింది. అంటే కాథ్లీన్‌ను ఆపేనాటికి, ఆడవాళ్లు ఈ కొండెక్కగలరని తేలి నలభై ఆరేళ్లయింది! తెలియక చేసిన తప్పు కాదది. తెలిసిన సంగతిని లెక్కలోకి తీసుకోకపోవడం.

అయితే ఈ పరుగు ఒక పాఠం మాత్రం నేర్చుకుంది. 1957లో ఒక పోటీదారు ఈ కొండ మీద చలికి తట్టుకోలేక ప్రాణం విడిచాడు. ఇప్పుడు గాలీ వానా ఆపే దుస్తులు, టోపీ, చేతి తొడుగులు, ఈల వెంట లేనిదే ఎవరినీ కొండెక్కనివ్వరు. రెండు గంటల్లో శిఖరం చేరకపోతే వెనక్కి పంపేస్తారు. అది నిజంగా అక్కర ఉన్న జాగ్రత్త. ఆడపిల్లను ఆపడంలో అలాంటి జాగ్రత్త ఏమీ లేదు. ఆపినవాళ్లు ఆమె వెంట ఒక్క అడుగూ నడవలేదు.

తర్వాత ఆడవాళ్లకూ ఈ పోటీలో చోటు దక్కింది. 1984లో ఇదే కొండ మీద పాలీన్ హవర్త్ 1 గంట 43 నిమిషాల 25 సెకన్లలో పరుగు ముగించింది. అదే ఏడాది లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మహిళలకు తొలిసారి మారథాన్ పెట్టారు. బెన్ నెవిస్ మీద హవర్త్ నెలకొల్పిన మహిళల రికార్డును 2018లో విక్టోరియా విల్కిన్సన్ 24 సెకన్లు తగ్గించింది. చూడండి, 34 ఏళ్లకు 24 సెకన్లు! ఆడవాళ్లకు గేటు తీశాక అలాంటి పోటీ ఉంటుంది.

మనకు కొండలు కొత్తా? అలిపిరి నుంచి తిరుమలకు వేల మెట్లు. ఒక్కో మెట్టుకూ నడుం వంచి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పైమెట్టు ఎక్కే అమ్మల్ని చూడనివాళ్లెవరు? మోకాళ్ల మెట్టు దగ్గర కుర్రాళ్లు చతికిలబడితే, వాళ్లు చెంగుతో చెమట తుడుచుకుని సాగిపోతారు. మన్యంలో కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని కొండ దిగే ఆడవాళ్ల కాలిబలాన్ని ఏ గడియారం కొలిచింది? నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. అవకాశం ఇస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

అందుకే ఊరి పెద్దలకు, పీఈటీ మాస్టార్లకు నాదొక మనవి. సంక్రాంతికో జాతరకో పరుగు పందెం పెడితే ఆడపిల్లల్ని కూడా అదే గీత మీద నిలబెట్టండి. ఒక నోటు పుస్తకం కొని తేదీ, దూరం, పట్టిన సమయం, పరుగెత్తిన ప్రతి ఒక్కరి పేరూ రాయండి. గెలిచినవాళ్లవే కాదు, ఆఖరున వచ్చినవాళ్లవి కూడా. బెన్ నెవిస్‌కు చరిత్ర ఉందంటే, ఎవరో ఆ పేర్లు రాసి దాచబట్టే. కాథ్లీన్‌ను జాబితాలోకి రానివ్వకపోయినా ఆమెకు పట్టిన సమయాన్ని ఎవరో గుర్తుపెట్టుకున్నారు కాబట్టే, ఇవాళ మనం ఆమె గురించి మాట్లాడుకుంటున్నాం.

మన ఊళ్లో ఏ పిల్లా ఇక ఆ రెండు నిమిషాలు ఆగకూడదు.