చలాన్‌కు జవాబు చెప్పుకునే చోటు గోదావరిఖనిలో కావాలి



ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని దారిలో తిరిగే బండి నంబర్ ప్లేట్ ఎట్లా ఉంటుందో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పొద్దున గుడ్డ పెట్టి తుడిస్తే సాయంత్రానికి మళ్లీ నల్లపొర. నాతోపాటు కాంట్రాక్ట్ పని చేసే ఒక తమ్ముడు ఫోన్‌లో తన చలాన్ ఫోటో చూపించాడు. అందులో ఉన్నది స్కూటీ. అతనికి ఉన్నది స్ప్లెండర్. స్కూటీ ప్లేట్ మీద దుమ్ము పేరుకొని 8 అంకె 3 లాగా కనబడుతోంది. ఆ 3 అతని నంబర్‌లో ఉంది, అంతే. ఫోటో మీది సమయానికి అతను ఫస్ట్ షిఫ్ట్‌లో ఉన్నాడు, మస్టర్ (హాజరు) పడి ఉంది. "ఎవరికి చెప్పాలె అన్నా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. రాయితీ ప్రకటించిన రోజుల్లో, తనది కాని తప్పుకు తన జేబులోంచి డబ్బు కట్టి ఊరుకున్నాడు.

ఆ రాయితీల సంగతే ముందు మాట్లాడుకుందాం. 2022 మార్చిలో తెలంగాణ పోలీసు శాఖ పెండింగ్ చలాన్లకు తగ్గింపు ఇచ్చింది. బైకులకు నాలుగో వంతు కడితే చాలన్నారు. మళ్లీ 2023 డిసెంబర్ 26 నుంచి ఇంకోసారి. ఈసారి బైకులకు 80 శాతం మాఫీ. గడువు జనవరి 10 అన్నది ఫిబ్రవరి దాకా సాగింది. అంటే వెయ్యి రూపాయల జరిమానా ఒకసారి 250కి, ఇంకోసారి 200కి తీరిపోయింది. చలాన్ పడిన వారంలోనే మొత్తం కట్టిన మనిషి తెలివితక్కువవాడయ్యాడు. రాజీవ్ రహదారి మీద రాంగ్ రూట్లో దూసుకొచ్చినవాడు ఐదో వంతుతో బయటపడ్డాడు. ఏ తప్పూ చేయని మా తమ్ముడూ అదే ఐదో వంతు కట్టాడు. తప్పు చేసినవాడికీ చేయనివాడికీ ఒకటే లెక్క. డబ్బు వసూలైంది కానీ ఎవరిది తప్పో ఎవరూ తేల్చలేదు.

చలాన్ కట్టనంటే ఏమవుతుందో మనలో చాలామందికి సరిగ్గా తెలియదు. ఏమీ కాదని కొందరి ధైర్యం. బండి పోతుందని కొందరి భయం. రెండూ నిజం కావు. మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ ప్రకారం చలాన్ అంటే కోర్టు దాకా పోకుండా రాజీకి ఇచ్చే అవకాశం. కడితే అక్కడితో సరి. కట్టకపోతే కేసు మేజిస్ట్రేట్ ముందుకు పోవాలి. సమన్లు వస్తాయి. చిన్న నేరమైతే వకీలును పంపవచ్చు, తప్పు ఒప్పుకుంటూ జరిమానాను పోస్టులో కూడా పంపవచ్చు. 208వ సెక్షన్ ఆ వీలు ఇచ్చింది. సమన్లు అందినా కదలకపోతే వారెంటు రావచ్చు. కోర్టు వేసిన జరిమానా కూడా ఎగ్గొడితే అప్పుడు జైలు మాట వస్తుంది. ఇంకో సంగతి. కోర్టులో ఓడితే చలాన్‌లో రాసిన రేటుకే ఆగాలని లేదు. 2019 సవరణ తరవాత చట్టంలో హెల్మెట్ లేనందుకు వెయ్యి రూపాయలు, పైన మూడు నెలలు లైసెన్స్ చెల్లకుండా పోవడం. కాబట్టి ఎవడు అడుగుతాడులే అనుకొని కూర్చోవద్దు.

ఇక భయం గురించి. దారిలో ఆపి బండి పట్టుకునే అధికారం 207వ సెక్షన్‌లో ఉంది. లైసెన్స్ లేకుండా, వయసు చాలకుండా, రిజిస్ట్రేషన్ లేకుండా, పర్మిట్ లేకుండా లేదా పర్మిట్‌కు విరుద్ధంగా నడిపితే ఆ సెక్షన్ వర్తిస్తుంది. పాత చలాన్ బాకీ అనే మాట ఆ సెక్షన్‌లో లేదు. తాగి నడిపిన కేసుల్లో సైతం ఆ కారణంగానే బండిని పట్టి ఉంచడానికి వీల్లేదనీ, వెంట తాగని మనిషి ఉంటే అతనికి ఇవ్వాలనీ, లేకుంటే ఇంటివాళ్లను పిలవాలనీ తెలంగాణ హైకోర్టు 2021 నవంబర్‌లో చెప్పింది. అలాంటప్పుడు రెండో షిఫ్ట్‌కు పోయే మనిషి తాళంచెవి లాక్కొని, బాకీ కడితేనే ఇస్తామనడం ఎక్కడి న్యాయం? మూడింటికి మస్టర్ తప్పితే కాంట్రాక్ట్ కార్మికుడికి ఆ రోజు కూలి పోయినట్టే.

పోలీసులకు కూడా చట్టం గడువు పెట్టింది. జరిమానా ఒక్కటే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలలు దాటాక కోర్టు విచారణకు తీసుకోకూడదు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే అది వేరే సంగతి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉన్న ఈ నియమమే 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త సంహితలో 514వ సెక్షన్ అయింది. మరి మూడేళ్ల, నాలుగేళ్ల చలాన్లు కోర్టుకూ పోకుండా, రద్దూ కాకుండా మన బండి నంబర్ మీద వేలాడుతుంటే వాటిని ఏమనాలి? బండి అమ్మబోతే కొనేవాడు ముందు నంబర్ కొట్టి అవే చూస్తాడు, ధర తగ్గిస్తాడు.

మన పనిచోటునే చూడండి. సింగరేణి గనుల్లో గైర్హాజరు అయినవాడికి ముందు చార్జిషీట్ ఇస్తారు. జవాబు రాయడానికి గడువు ఇస్తారు. ఎంక్వైరీ పెడతారు. దానికి తోటి కార్మికుడిని వెంట తీసుకుపోవచ్చు. ఆ హక్కు మనకు ఊరికే రాలేదు, పోట్లాడితే వచ్చింది. 1,200 రూపాయల చలాన్ అంటే కొందరికి రెండు రోజుల కూలి. దానికి మాత్రం ఎదురుగా కూర్చొని మన మాట వినే మనిషి లేడు.

అందుకే మేం అడుగుతున్నది ఇది. రామగుండం కమిషనరేట్‌లో పడే ప్రతి చలాన్ ఆరు నెలల లోపు కోర్టుకు పోవాలి, లేదా రద్దు కావాలి. గోదావరిఖని కోర్టు ఆవరణలో నెలకొక సెలవు రోజున చలాన్ల కోసమే లోక్ అదాలత్ పెట్టాలి. ఫోటో ముందు పెట్టి విచారించాలి. తప్పుడు చలాన్ అక్కడే కొట్టేయాలి. నిజంగా తప్పు చేసి ఒకేసారి కట్టలేనివాడికి వాయిదాలు ఇవ్వాలి. అందరినీ ఒకే గాటన కట్టే మాఫీలు ఇకమీదట వద్దు. లోక్ అదాలత్ పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చాలు. ఆ చట్టం 12వ సెక్షన్‌లో ఉచిత వకీలుకు అర్హుల జాబితా ఉంది. ఎస్సీ, ఎస్టీలు, మహిళలతోపాటు పారిశ్రామిక కార్మికుడి పేరు కూడా అందులో ఉంది. ఈ మాట మన గేట్ల దగ్గర ఎంతమందికి తెలుసు?

తాగి బండి నడిపినవాళ్ల తరఫున మేం మాట్లాడటం లేదు. అది రాజీ కుదిరే నేరం కాదు, కాకూడదు. మన వైపు తప్పూ చూసుకుందాం. టోపీ లేకుండా బొగ్గు బాయి దిగని మనం, నైట్ షిఫ్ట్ దిగి నిద్ర కళ్లతో ఇంటికి పోయేటప్పుడు హెల్మెట్‌ను అద్దానికి తగిలిస్తున్నాం. పక్కనే బొగ్గు టిప్పర్లు పోతుంటాయి. హెల్మెట్ పెట్టుకుందాం, నంబర్ ప్లేట్ తుడుచుకుందాం. ఈ రెండూ మన చేతిలో పనులు.

ఈ కాగితం వెనకవైపు ఖాళీ వదిలాం. మీ చలాన్ తేదీ, చోటు, ఫోటోలో తప్పుంటే ఆ తప్పు, ఆ రోజు మీ షిఫ్ట్ రాయండి. మస్టర్ కాగితం ఉంటే జిరాక్స్ జత చేయండి. షిఫ్ట్ మారేటప్పుడు గేటు దగ్గర ఇది మీకు ఇచ్చినవాళ్లకే తిరిగి ఇవ్వండి. అన్నీ కలిపి న్యాయ సేవాధికార సంస్థకు, పోలీసు కమిషనరేట్‌కు వినతిపత్రం ఇస్తాం. ఇచ్చే రోజు మీరూ వెంట రండి.

గోదావరిఖని కార్మికులు, బండి యజమానులు